హరారే అవ్వల బెంచీకి ఇరవై ఏళ్లు

ఈ ఏడాదితో ఫ్రెండ్‌షిప్ బెంచ్‌కు ఇరవై ఏళ్లు నిండుతున్నాయి. జింబాబ్వే రాజధాని హరారేలో, ఎంబారే అనే పాత పేటలో, నగరపాలక సంస్థ క్లినిక్ ఆవరణలో 2006లో మొదలైన పని ఇది. మొదలుపెట్టినవాళ్లు 14 మంది అవ్వలు. ఆరుబయట ఒక బెంచీ, దాని మీద ఒక అవ్వ, పక్కన కష్టంలో ఉన్న మనిషి. వచ్చినవాళ్లు చెప్పేది శ్రద్ధగా వినడం, వాళ్ల బతుకులో వాళ్లే ఒక దారి వెతుక్కునేలా పక్కన నిలబడటం, ఇదే అవ్వల ఉద్యోగం. ఇవాళ ఆ బెంచీలు జింబాబ్వే ఊళ్లూ నగరాలూ దాటి మలావీకి, కెన్యాకు, జాంజిబార్‌కు చేరాయి. న్యూయార్క్ వీధుల దాకా వెళ్లాయి. ఒక పేద నగరం తన గాయానికి తానే మందు వెతుక్కుని దాన్ని లోకానికి పంచిపెట్టింది. ఇంత నిండు మనసుతో చేసుకోదగ్గ వార్షికోత్సవం ఈ ఏడాది మరొకటి నాకు కనిపించలేదు.

మన దగ్గర సన్మానమంటే వేదిక, దండ, శాలువా, చివర సన్మాన పత్రం. పత్రంలో బిరుదులూ పదవులూ వరసగా చదువుతారు. ఈ అవ్వలకు బిరుదులు లేవు. వాళ్లను అక్కడ షోనా భాషలో ‘అంబుయా ఉటానో’ అంటారు. ఆరోగ్యం చూసే అవ్వలన్నమాట. పేటలో పుట్టి పెరిగి, పిల్లల్ని కని, కొందరు ఆ పిల్లల్నే మట్టికి అప్పగించి, మనవల్ని సాకుతున్నవాళ్లు. కాబట్టి నేను చదివే పత్రంలో వాళ్లు చేసిన పనే ఉంటుంది.

ఆ పని విలువ తెలియాలంటే ముందు 2005 సంగతి చెప్పాలి. ఆ ఏడాది మే నెలలో జింబాబ్వే ప్రభుత్వం ‘ఆపరేషన్ మురాంబట్స్‌వినా’ పేరుతో నగరాల మీదకు బుల్డోజర్లను పంపింది. చెత్తను ఊడ్చేస్తున్నామని దాని అర్థం. అనుమతి లేని కట్టడాలనీ, చట్టం ఒప్పుకోని వ్యాపారాలనీ చెప్పి ఇళ్లు, పెరటి గదులు, సంత అంగళ్లు కూల్చేశారు. అక్కడ అది చలికాలం. పసిపిల్లలతో, జబ్బు మనుషులతో కుటుంబాలు ఆరుబయట పడుకున్నాయి. జూలైలో ఐక్యరాజ్య సమితి ప్రత్యేక ప్రతినిధి అన్నా టిబైజుకా ఇచ్చిన నివేదిక ప్రకారం సుమారు 7 లక్షల మంది ఇల్లో, బతుకుతెరువో, రెండూనో పోగొట్టుకున్నారు.

ఎంబారే హరారేలోకెల్లా పాత నల్లజాతి కార్మికుల పేట. ఊళ్ల నుంచి వచ్చే బస్సులు ఆగే పెద్ద స్టాండు అక్కడే. కూరగాయల నుంచి పాత ఇనుము దాకా అమ్మే ముసికా మార్కెట్ కూడా అక్కడే. రోజు కూలి మీద, రోజు బేరం మీద బతికే జనం. దానికి తోడు ఎయిడ్స్. 1990ల నుంచి ఆ దేశంలో ప్రతి వీధిలో చావు మేళం మోగించిన జబ్బు అది. నడి వయసువాళ్లు పోయి, ముసలివాళ్లూ పసివాళ్లూ మిగిలిన ఇళ్లు ఎన్నో. అలాంటి పేటలో ఇళ్లు కూడా కూలితే మనుషుల లోపల ఏం కూలుతుందో ఆ రోజుల్లో లెక్క తీసినవాళ్లు లేరు. కూలిన గోడలకైనా ఒక అంకె దొరికింది.

ఆ లెక్క తీయాల్సిన మానసిక వైద్యులు దేశం మొత్తానికి ఓ డజను మంది. జనాభా కోటీ ఇరవై లక్షల పైమాటే. ఆ డజనులో ఒకరు డిక్సన్ చిబాండా. 2005లో ఆయన దగ్గర వైద్యం పొందుతున్న ఒక యువతి ప్రాణం తీసుకుంది. రమ్మని కబురు పెట్టిన ఆస్పత్రికి ఆమె రాలేకపోయింది. బస్సు చార్జీకి కావలసిన 15 డాలర్లు ఆ ఇంట్లో లేవు. ఈ సంగతి ఆమె తల్లి చెప్పాక తన వైద్యం మీదే ఆయనకు ప్రశ్న పుట్టింది. రోగి వచ్చేదాకా ఆస్పత్రిలో కూర్చుని ఎదురుచూసే వైద్యం ఎవరికి అందుతుంది? చిబాండా ఆ మాట ఎన్నో వేదికల మీద దాచకుండా చెప్పారు. వైద్యుడిగా తనను కుదిపేసిన చావును నలుగురిలో పెట్టి, దాని నుంచి ఒక నగరానికి పనికొచ్చే ఏర్పాటు పుట్టించిన ఆ మనిషికి కూడా ఈ రోజు చేతులు జోడించాలి.

ఎంబారేలో ఏదైనా చేయాలని ఆయన వెళ్తే నగర ఆరోగ్య విభాగం ఇవ్వగలిగింది చాలా తక్కువ. నర్సులు ఖాళీగా లేరు. క్లినిక్‌లో గది లేదు. ఉన్నది 14 మంది అవ్వలు, బయట కాస్త చోటు. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది దీన్ని వదిలేస్తారు. ఆ అవ్వలు దారిన పోతూ సాయానికి వచ్చినవాళ్లు కారు. హరారే నగరపాలక సంస్థ 1980ల నుంచీ పెట్టుకున్న ఆరోగ్య కార్యకర్తలు. ఇంటింటికీ తిరిగి టీకాలు గుర్తుచేయడం, క్షయ మందులు వేసుకుంటున్నారో లేదో చూడటం, కలరా వస్తే నీళ్లు కాచుకోమని చెప్పడం వాళ్ల పని. ఏ గుమ్మంలో ఎవరున్నారో, ఏ ఇంట్లో ఎవరు పోయారో వాళ్లకు తెలుసు. అంటే నగరానికి తన పేటల బాధ తెలిసిన మనుషులు ఎప్పటినుంచో ఉన్నారు, జీతాల పట్టీలోనే ఉన్నారు. వాళ్ల తెలివిని మనసు వైద్యానికి పనికొచ్చే తెలివిగా ఎవరూ గుర్తించలేదు. ఫ్రెండ్‌షిప్ బెంచ్ చేసిన మొదటి మంచి పని ఆ గుర్తింపు.

మొదట్లో డాక్టరు పాఠం చెప్పారు, అవ్వలు విన్నారు. కొద్ది రోజుల్లోనే వరస మారింది. పుస్తకంలో ఉన్న జబ్బుల పేర్లు చెబితే పేటలో ఎవరూ దగ్గరకు రారని అవ్వలు తేల్చారు. డిప్రెషన్ అనే మాటను పక్కన పెట్టించి ‘కుఫుంగిసిసా’ అనే తమ మాట తెచ్చారు. ఆలోచనలు మితిమీరిపోవడం అని దాని భావం. తెలంగాణ పల్లెల్లో ‘మనాది’ పట్టిందని అంటారే, ఆ దగ్గరి మాట. బెంచీకి మానసిక ఆరోగ్యం అనే పేరు పెడితే అక్కడ కూర్చున్న మనిషిని పిచ్చివాడిగా చూస్తారనీ, స్నేహం పేరు పెడితే ఎవరైనా నిర్భయంగా కూర్చుంటారనీ చెప్పిందీ వాళ్లే. ఈ వైద్యంలో దశలకు వాడే పేర్లు కూడా షోనాలోనే ఉన్నాయి: ‘కువురా ఫుంగ్వా’ అంటే మనసు విప్పడం, ‘కుసిముడ్‌జిరా’ అంటే లేవదీయడం, ‘కుసింబిసా’ అంటే బలం ఇవ్వడం. అవ్వలు మాట్లాడే భాషలోనే వైద్యం తయారైంది కాబట్టి అది ఎంబారేలో పరాయిదిగా అనిపించలేదు.

బెంచీ మీద ఏం జరుగుతుందో వివరంగా చెప్పాలి. నాకు ఎక్కువ గౌరవం కలిగించింది ఆ వివరాలే. క్లినిక్‌కి ఏదో పని మీద వచ్చిన మనిషికి ముందు 14 ప్రశ్నలు అడుగుతారు. గడిచిన వారంలో నిద్ర పట్టలేదా, పీడకలలు వచ్చాయా, చిన్న విషయానికే కోపం వచ్చిందా, ఏడుపు వచ్చిందా, కడుపులో నొప్పి ఉందా, పని వెనకబడిందా, ఏం చేయాలో తేల్చుకోలేకపోయారా, బతకాలని లేదనిపించిందా, ఇలా. జవాబు అవునో కాదో చాలు. అవుననే జవాబులు తొమ్మిదో అంతకుమించో అయితే అవ్వ దగ్గరకు పంపుతారు.

తర్వాతి ముక్కాలు గంట అవ్వ వింటుంది. మొదటిసారి వచ్చిన మనిషి తన కష్టాలన్నీ చెప్పుకోవాలి, ఏదీ చిన్నది కాదు. మొగుడు కొడుతున్నాడు, అద్దె కట్టలేదు, హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది, అత్తగారింట్లో చెప్పలేదు, పిల్లాడి ఫీజు బాకీ ఉంది. ఇన్ని ఒకేసారి మీద పడినప్పుడే మనిషి కదల్లేకుండా అయిపోతాడు. అవ్వ వాటిని ఒక్కొక్కటిగా బయటికి తెప్పిస్తుంది. ఆ తర్వాత ‘ఇందులో ముందు దేని సంగతి చూద్దాం?’ అని అడుగుతుంది. ఎంచుకోవాల్సింది వచ్చిన మనిషే, అవ్వ కాదు. ఎంచుకున్న ఒక్క కష్టానికి ఏమేం చేయొచ్చో ఇద్దరూ ఆలోచిస్తారు. వచ్చే వారంలోపు చేయగలిగిన ఒక చిన్న పని తేలుతుంది. ఇంటి యజమానితో మాట్లాడటమో, మందుల కార్డు తీసుకోవడమో, అక్క ఇంటికి వెళ్లి నిజం చెప్పడమో. మనిషి వెళ్లి ఆ పని చేసి మళ్లీ రావాలి. జరిగితే ఏం జరిగింది, జరగకపోతే ఎందుకు జరగలేదు, ఇంకో దారి ఏమిటి అని మళ్లీ కూర్చుంటారు. ఇలా ఆరుసార్ల దాకా. మధ్యలో రాకపోతే అవ్వే ఇంటికి వెళ్లి చూసి వస్తుంది.

ఇందులో సలహా ఇవ్వకపోవడమే కష్టమైన పని. డెబ్బై ఏళ్ల మనిషి, లోకం చూసిన మనిషి, ఎదురుగా కూర్చున్న కోడలి వయసు పిల్లకు ‘ఇలా చెయ్యి’ అని చెప్పకుండా ఆగడం ఎంత నిగ్రహమో పెద్దవాళ్లున్న ఇళ్లలో పెరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ నిగ్రహం శిక్షణతో వచ్చింది. అవ్వల ప్రేమే అంతా చేసిందని ఈ బెంచీ గురించి రాసేవాళ్లు పొగుడుతుంటారు. ఆ పొగడ్త వాళ్ల పనిని తక్కువ చేస్తుందని నాకు అనిపిస్తుంది. ప్రేమ ఉంది, దాని వెనక పద్ధతి ఉంది. రాసుకునే కాగితం ఉంది, పైన చూసే సూపర్‌వైజర్ ఉన్నారు. ప్రాణం తీసుకోవాలని ఉందని ఎవరైనా అంటే వెంటనే పైవాళ్లకు అప్పగించాలనే నియమం ఉంది. పద్ధతి లేని జాలి పదిమందిని ఓదారుస్తుందేమో. వేల మందిని నిలబెట్టాలంటే మాత్రం ఇలాంటి కట్టుదిట్టం కావాలి.

బెంచీ మీద మాటలు అయిపోయాక పని అయిపోదు. కొన్నిసార్లు వచ్చి వెళ్లినవాళ్లను ‘కుబటానా టోసే’ అనే గుంపులోకి పిలుస్తారు. అంతకుముందు అదే బెంచీ మీద ఏడ్చి లేచినవాళ్లు అక్కడ ఒకరికొకరు తోడుగా కూర్చుంటారు. వాడి పడేసిన ప్లాస్టిక్‌తో సంచులు అల్లుతారు, అమ్ముకుంటారు. చేతులు అల్లుతుంటే నోళ్లు మాట్లాడతాయి. కష్టానికి సగం కారణం డబ్బు లేకపోవడమైనప్పుడు, మాటతో పాటు నాలుగు డబ్బులు వచ్చే దారి కూడా చూపాలని ఈ అవ్వలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మన డ్వాక్రా సంఘాల్లో వారం వారం కూర్చునే ఆడవాళ్లు ఈ గుంపుల స్వభావాన్ని వెంటనే గుర్తుపడతారు.

ఇదంతా మంచిదే, నిజంగా పని చేసిందా అని అడిగేవాళ్లుంటారు, అడగాలి కూడా. దాన్ని తేల్చడానికి హరారేలోని 24 క్లినిక్‌లలో పరీక్ష పెట్టారు. 573 మందిని తీసుకున్నారు. ఎక్కువమంది ఆడవాళ్లే. పదిమందిలో నలుగురికి పైగా హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్లు. సగం క్లినిక్‌లలో అవ్వల బెంచీ, మిగతా సగంలో నర్సుల సలహా, అవసరమైతే మందులతో సహా అప్పటిదాకా ఉన్న వైద్యాన్నే కాస్త మెరుగుపరిచి ఇచ్చారు. ఆరు నెలల తర్వాత చూస్తే రెండో వైపు సుమారు 50 శాతం మందిలో కుంగుబాటు లక్షణాలు అలాగే ఉన్నాయి. అవ్వల వైపు ఉన్నది 14 శాతం మందిలోనే. 2016 డిసెంబరులో అమెరికన్ వైద్య సంఘం పత్రిక ‘జామా’ ఈ ఫలితాలను అచ్చువేసింది. అంత పేరున్న పత్రికలో ఎంబారే, డిక్సన్ చిబాండా, షోనా అవ్వల పని చోటు సంపాదించుకున్నాయంటే ఆ పేటకు ఎంత గర్వం! ఆ తర్వాత హరారే, చిటుంగ్విజా, గ్వేరు నగరాల్లో 70కి పైగా క్లినిక్‌లకు బెంచీలు చేరాయి.

అంకెలకన్నా నాకు పెద్దగా కనిపించేది ఇంకొకటి ఉంది. ఈ ఇరవై ఏళ్లలో హరారేకు సుఖమైన ఏడాది ఎన్నడు వచ్చింది గనుక? బెంచీ మొదలైన రెండేళ్లకే 2008లో డబ్బు విలువ కాగితం కన్నా తక్కువైంది. కోట్ల అంకెలున్న నోట్లతో రొట్టె కొనలేని రోజులు అవి. ఆ ఏడాదే కలరా వచ్చింది, 2009లోకీ సాగింది. దేశంలో 4 వేల మందికి పైగా పోయారు. హరారే పేటల మీద దాని దెబ్బ గట్టిగా పడింది. డాక్టర్లు, నర్సులు వలస పోతున్నారు. తర్వాత కోవిడ్. ఇన్నిటి మధ్య ఆ పని ఆగలేదు. ఎందరో నిపుణులు వచ్చి వెళ్లిపోయిన చోట అవ్వలు ఉండిపోయారు. వాళ్లకు వెళ్లడానికి వేరే చోటు లేదు, ఆ పేటే వాళ్ల ఇల్లు. మనోగాయం తగిలిన జనానికి ఎదుటి మనిషి రేపు కూడా ఇక్కడే ఉంటుందనే నమ్మకం ఎంత గొప్ప మందో ఈ ఇరవై ఏళ్లు చూపించాయి. మూడేళ్ల ప్రాజెక్టులు, ఏడాది నిధులు ఆ నమ్మకాన్ని ఇవ్వలేవు. నగరం తన సొంత మనుషులతో, తన సొంత క్లినిక్‌లో చేసిన పని కాబట్టే అది ఇంతకాలం నిలబడింది.

వినేవాళ్ల సంగతి కూడా అడగాలి. రోజూ ఇంత దుఃఖం వింటే ఆ అవ్వలు ఏమవుతారు? వాళ్లూ అదే పేటలో అవే దెబ్బలు తిన్నవాళ్లు కదా. పరిశోధకులు ఈ ప్రశ్న తీసుకుని అవ్వల దగ్గరకే వెళ్లారు. గడ్డు బతుకులు గడిపినా వాళ్లలో మనోవ్యాధి లక్షణాలు ఆశ్చర్యంగా తక్కువ కనిపించాయి. తమ చుట్టూ ఉన్నవాళ్లకు తిరిగి ఏదో ఇస్తున్నామన్న తృప్తి, తోటి అవ్వలతో మాట్లాడుకునే వీలు, దైవం మీద నమ్మకం తమను నిలబెట్టాయని వాళ్లు చెప్పుకున్నారు. ఇంట్లో పెద్దవాళ్లకు మూల మంచం తప్ప వేరే చోటు లేదనుకునే కాలంలో ఈ సంగతి మన ఇళ్లలోనూ చదివి వినిపించాలి. వయసు ఉడిగినవాళ్లకు నగరం పని ఇచ్చింది. ఆ పని వాళ్లనూ బతికించింది.

ఈ బెంచీ కథను ఎక్కడో ఆఫ్రికా కథగా చదివి పక్కన పెట్టే వీలు మనకు లేదు. దాని మొదటి పోగుల్లో ఒకటి భారతీయుడిది. పైన చెప్పిన 14 ప్రశ్నలు, షోనా లక్షణాల ప్రశ్నావళి అని పేరు, 1990లలో హరారేలోనే తయారయ్యాయి. తయారుచేసిన బృందంలో ముందున్నవారు విక్రమ్ పటేల్. ముంబయిలో పుట్టిన మానసిక వైద్యుడు, ఆ రోజుల్లో హరారేలో పరిశోధన చేస్తున్నారు. అక్కడి నాటు వైద్యులతో, మామూలు జనంతో మాట్లాడి, వాళ్లు దుఃఖాన్ని ఏ మాటల్లో చెప్పుకుంటారో ఆ మాటల్తోనే ప్రశ్నలు కూర్చారు. తర్వాత ఆయన గోవాకు వచ్చి సంగత్ అనే సంస్థను మరికొందరితో కలిసి స్థాపించారు. డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి కుంగుబాటుకు కౌన్సెలింగ్ చేయించవచ్చని అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నిరూపించారు. హరారేలో నేర్చుకున్నది గోవాలో పండింది. హరారేకూ మనకూ మధ్య ఈ బాకీ ఉంది, దాన్ని ఆనందంగా ఒప్పుకుందాం.

మన తెలుగు నేల మీద కూడా ఆ దారిలో ఒక అడుగు పడింది. పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో, గిరిజన గ్రామాలతో సహా, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ అనే కార్యక్రమం నడిపింది. ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలు అడిగారు, దిగులులో ఉన్నవాళ్లను గుర్తించి పీహెచ్‌సీ డాక్టరు దగ్గరకు పంపారు, తర్వాత వాళ్ల ఇంటికి వెళ్లి చూసుకున్నారు. మనసు జబ్బు అంటే సిగ్గుపడక్కర్లేదని చెప్పడానికి ఊరి మధ్య నాటకాలు, వీడియోలు వేశారు. మన ఆశమ్మలు ఎంబారే అవ్వలకు వరసకు చెల్లెళ్లు. ఊరి గుమ్మాలన్నీ వాళ్లకు తెలుసు. వాళ్లు అడిగితే జనం చెబుతారు.

నగరాల్లో మాత్రం ఆ అడుగు ఇంకా గట్టిగా పడాలి. 2024 సెప్టెంబరు మొదటి రోజు బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. అదే వానల్లో ఖమ్మంలో మున్నేరు ఇళ్లను ముంచింది. ఇంటికి ఇంత అని పరిహారం లెక్కలు వేశారు, పాడైన ఫ్రిజ్జులు, బండ్లు రాసుకున్నారు, బురద ఎత్తేశారు. అదంతా కావాల్సిందే, చేసినవాళ్లు కష్టపడ్డారు. వాన చప్పుడు వినగానే రాత్రి మేడ మీదికి పరిగెత్తే పిల్లాడి సంగతి, దుకాణం సరుకంతా నీట కలిసిన తర్వాత ఇంట్లో ఎవరితోనూ మాట్లాడని మనిషి సంగతి ఏ పట్టీలో రాస్తారు? అలాంటి మనిషి ఫోన్ తీసి మాట్లాడగలిగితే టెలి మానస్ ఉంది. 14416కు చేస్తే తెలుగులో మాట్లాడేవాళ్లు దొరుకుతారు. ఆ నంబరు ప్రతి వాకిట్లో తెలియాలి. అయితే ఫోన్ చేసే ఓపిక కూడా లేని మనిషి దగ్గరకు పక్క వీధి అవ్వ వెళ్లగలదు.

హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలున్నాయి. ఆంధ్ర పట్టణాల్లో పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలున్నాయి. హరారే క్లినిక్‌ల లాగే ఇవీ పేట మధ్యలో ఉన్నవి, జ్వరానికీ బీపీ మాత్రకూ జనం ఎలాగూ వచ్చేవి. వాటి బయట ఒక బెంచీ వేయడానికి ఏం అడ్డం? ఒకప్పుడు మన వీధి అరుగు చేసిన పని అదే కదా, పొద్దు వాలాక నలుగురు కూర్చుని ఒకరి గోడు మరొకరు వినడం. ఇళ్లు అపార్టుమెంట్లయ్యాక అరుగులు పోయాయి. గోడు మాత్రం పోలేదు. బస్తీలో అందరూ ‘అమ్మమ్మ’ అని పిలిచే మనిషిని, స్వయం సహాయక సంఘంలో ముప్పై ఏళ్లు నడిచిన మనిషిని, రిటైరైన అంగన్‌వాడీ టీచరును వెతికి పట్టుకోవడం నగరపాలక సంస్థలకు కష్టం కాదు. ఆ పనికి జీతం ఇవ్వాలి. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. వినడం సేవ అని పొగిడి ఊరుకుంటే రెండేళ్లలో అవ్వ అలసిపోతుంది. ఉద్యోగమని గుర్తించి, శిక్షణ ఇచ్చి, నెల నెలా డబ్బు ఇచ్చి, కష్టమైన కేసు వస్తే చూసే డాక్టరును వెనక పెడితేనే బెంచీ ఇరవై ఏళ్లు నిలుస్తుంది. ఎంబారే నుంచి తెచ్చుకోవాల్సింది చెక్క బెంచీని కాదు, ఈ ఏర్పాటును.

ఇక లోకం ఈ అవ్వలను ఎలా పలకరించిందో చెప్పి సంబరంలోకి వద్దాం. న్యూయార్క్ నగర ఆరోగ్య విభాగం నారింజ రంగు బెంచీలు చేయించి హార్లెమ్, బ్రాంక్స్ లాంటి పేటల్లో వేసింది. ప్రపంచంలో ఎందరో సైకియాట్రిస్టులున్న నగరం, డజను మందే ఉన్న దేశం నుంచి పాఠం నేర్చుకుంది. 2022లో ఖతార్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు జరిగినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ దోహాలో 32 బెంచీలు వేసింది, ఆడుతున్న ఒక్కో దేశానికి ఒకటి. ఆటలో జింబాబ్వే లేదు. అయినా ఆ బెంచీల మీద కూర్చున్న ప్రతి మనిషీ ఎంబారే అవ్వల ఆలోచన మీదే కూర్చున్నాడు.

హరారే నగర ఆరోగ్య విభాగానికి, ఖజానా బీదదైనా ఈ పనిని చేత్తో పట్టుకుని ఇరవై ఏళ్లు వదలని ఆ నర్సులకు, గుమాస్తాలకు అభినందనలు. మూడు, నాలుగు ఖండాల్లో ఈ బెంచీలు వేసుకున్న నగరాలకు అభినందనలు. తమ కథ చెప్పుకునే ధైర్యం చేసి, తర్వాత మరొకరి కథ వినడానికి గుంపులో కూర్చున్న వేల మందికి అభినందనలు. చేయి చేయి కలిపి సంచులు అల్లుతున్న ఆ చేతులకు పని నిండుగా దొరకాలి. 14 మంది మొదటి అవ్వల్లారా, మీ తర్వాత వచ్చిన అవ్వల్లారా, ఈ పండగ మీది. మీ మనవళ్లు, మనవరాళ్లు మీ చుట్టూ చేరి పాడాలి, ఎంబారే వీధిలో డప్పులు మోగాలి, మీ సంకటి సద్‌జా, కూర కడుపు నిండా వడ్డించాలి. గోదావరి నుంచి, కృష్ణ నుంచి, మూసీ ఒడ్డు నుంచి మీకు మీ భాషలోనే అభినందనలు చెబుతున్నాం: మకొరొకొటో, అంబుయా! మకొరొకొటో!